విల్లు పట్టిన పెళ్లికూతురు: అహోబిలం చెంచులక్ష్మి

అహోబిలంలో నరసింహస్వామి పక్కన లక్ష్మి రెండు తీరుల్లో కనిపిస్తుంది. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి దేవేరి అమృతవల్లి తాయారు. కొండమీద మాలోల సన్నిధిలో ఆమె స్వామి ఒడిలో కూర్చుని ఉంటుంది. ‘మా’ అంటే లక్ష్మి, ఆమె మీద మనసుపడినవాడు మాలోలుడు. రెండో తీరు చెంచులక్ష్మిది. ఆమె నల్లమల లోపల పావన నరసింహుడి చెంత ఉంటుంది, ఎగువ అహోబిలంలోనూ ఆమెకు సన్నిధి ఉంది. గుడి మండపాల స్తంభాల మీద ఆమె విల్లు పట్టిన చెంచుపిల్ల. నరసింహుడు ఆమెను బతిమాలుకుంటూ ఉంటాడు. హిరణ్యకశిపుడి పేగులు తీసిన చేతులే అక్కడ ఒక ఆడపిల్ల దయ కోసం చాచి ఉంటాయి. ఈ పిల్లను రాతిలో, కావ్యంలో, యక్షగానంలో, చివరికి తెరమీద ఎవరెవరు ఎలా చూపించారన్నది ఐదారు వందల ఏళ్ల చరిత్ర.

అహోబిలం గురించి దొరికే పాత పాటల్లో తిరుమంగై ఆళ్వారు పాశురాలు ముఖ్యమైనవి. ఆయన సింగవేళ్ కుండ్రం పేర ఈ కొండను పది పాశురాల్లో పాడాడు. ఎండిన నేల, గద్దలు, దారికాచే వేటగాళ్లు, మనుషులు చేరలేని చోటు, ఇదీ ఆయన చూపిన అహోబిలం. వేటగాళ్లున్నారు గానీ వాళ్లింటి పెళ్లికూతురు ఇంకా కథలోకి రాలేదు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన నృసింహపురాణాన్ని అహోబిల స్వామికే అంకితమిచ్చాడు. ఆ కావ్యానికి వెన్నెముక హిరణ్యకశిపుడు, ప్రహ్లాదుల కథ.

ఆ కథలో ఉన్న ఆడమనిషి ప్రహ్లాదుడి తల్లి. సంస్కృత భాగవతం ఆమెను కయాధు అంటే, పోతన లీలావతి అన్నాడు. తెలుగువాళ్లకు ఈ రెండో పేరే నిలిచిపోయింది. ఇంద్రుడు ఆమెను చెరపట్టి తీసుకుపోతుంటే నారదుడు విడిపించి తన ఆశ్రమంలో ఉంచుతాడు. ఆయన చెప్పిన తత్త్వం ఆమె వింటుంది, కడుపులో బిడ్డా వింటాడు. బిడ్డకు అది గుర్తుండిపోయింది. తల్లి మాత్రం కాలం గడవడం వల్లా, ఆడది కావడం వల్లా మరచిపోయిందని సంస్కృత భాగవతం కారణం చెబుతుంది. నేర్చుకోవలసిన మనిషిగా కాక, చదువు బిడ్డకు చేరే దారిగా మాత్రమే తల్లిని చూడటం అక్కడ మొదలైంది. తర్వాతి నాటకాలకూ సినిమాలకూ ఏడ్చే లీలావతి ఇక్కడి నుంచే దొరికింది.

చెంచుపిల్ల కథ వేరు. రాక్షసుణ్ని చంపినా కోపం చల్లారని స్వామి నల్లమలలో తిరుగుతుంటాడు. అడవిలో ఒక చెంచుపిల్ల ఎదురవుతుంది. ఆమె అతణ్ని చూసి భయపడదు, భక్తితో మొక్కదు. నా మీద మనసుంటే అడవి పనులు వచ్చో లేదో చూపించమంటుంది. చెట్టు మీది తేనె తీయగలవా, గడ్డలు తవ్వగలవా, గురి చూసి కొట్టగలవా అని పరీక్ష పెడుతుంది. పిల్ల పెద్దలు ఓలి అడుగుతారు. దేవుడు పెళ్లికొడుకుగా ఆ లెక్కలన్నీ తీర్చాల్సిందే. ఈ కథలో చెంచుల ఇంటి పద్ధతి కనిపిస్తుంది. కొండచరియల్లో తేనె తీసేటప్పుడు కిందికి దిగేవాడి తాడు బావమరిది చేతిలో ఉండాలని చెంచులు చెప్పుకుంటారు. చెల్లెలి పసుపుకుంకుమల మీద ప్రేమ ఉన్నవాడు తాడు వదలడు. పిల్లనిచ్చిన ఇల్లంటే ప్రాణం అప్పగించిన ఇల్లు. నరసింహుణ్ని బావగా చేసుకోవడంలో ఉన్న బరువు ఈ తాడుతో గానీ తూగదు.

ఈ ప్రాంతం దేవుళ్లకు ఇలాంటి అత్తవారిళ్లు కొత్త కాదు. శ్రీశైల మల్లికార్జునుడు చెంచులకు అల్లుడు, వాళ్ల నోట చెంచు మల్లయ్య. ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరుణ్ని దర్శించుకునే ముస్లింలు బీబీ నాంచారి వరసన ఆయన్ను తమ ఇంటి అల్లుడంటారు. తమిళనాట మురుగన్ వేటగాళ్ల పిల్ల వళ్లి కోసం తిప్పలు పడ్డ కథా ఈ కోవలోదే.

కథ పండితుల చేతికి వచ్చేసరికి పిల్ల మారింది. అహోబిల మఠాధిపతి శఠగోప యతీంద్రుల పేర ఉన్న ‘వాసంతికా పరిణయం’ సంస్కృత నాటకం. అందులో నాయిక పేరే వాసంతిక. పేరుతోపాటు నడక, మాట, విరహం అన్నీ సంస్కృత నాటక నాయిక కొలతలకు కుదిరాయి. ఆమెలో చెంచుతనం కన్నా వనదేవత లక్షణమే ఎక్కువ. మఠం ఈ పెళ్లిని కాదనలేదు, తన భాషలోకి తెచ్చుకుంది.

తెలుగు యక్షగానం ఇంకో దారి పట్టింది. ఓబయమంత్రి ‘గరుడాచలం’ తొలినాటి యక్షగానాల్లో ఒకటి. అహోబిలానికే గరుడాద్రి అని పేరు. ఇందులో స్వామి చెంచెతను పెళ్లాడతాడు, ఆదిలక్ష్మికి ఆ సంగతి తెలుస్తుంది, సవతుల పోరు మొదలవుతుంది. ఊళ్లో వీధి అరుగు మీద కూర్చున్న జనానికి వేదాంతం కన్నా ఇది రుచించింది. ఒకావిడ పుట్టింటి గొప్ప చెప్పుకుంటే ఇంకొకావిడ అడవి గొప్ప చెప్పుకుంటుంది. ఆ మాటల్లో చెంచెత కులాన్నీ తిండినీ ఎత్తిపొడవడం ఉంటుంది, ఆమె దానికి దీటుగా బదులివ్వడమూ ఉంటుంది. హాస్యం కోసం పెట్టిన వాదమే అయినా అడవి మనిషికి నోరిచ్చిన ఘనత ఈ వీధినాటకాలదే. ఆ నోరు చాలాకాలం మగవాడిదే అన్నది వేరే సంగతి. వేషం చెంచెతది, కట్టినవాడు పురుషుడు.

ఆ పద్ధతికి గండి పడింది కూడా ఈ సీమలోనే. 1885లో కడప జిల్లా సురభిలో వనారస కుటుంబం ‘కీచకవధ’ ఆడింది. ఇంటిల్లిపాదీ నటులే అయిన ఆ సమాజంలో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. తర్వాత 1932లో హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు నటులు సురభి నుంచే వెళ్లారు. లీలావతి వేషం సురభి కమలాబాయిది. అలా తెలుగు తెరమీద తొలిసారి మాట్లాడిన కథ అహోబిలం కథే అయింది. అందులో ముఖ్యమైన స్త్రీ పాత్ర మొగుడికీ కొడుక్కీ మధ్య నలిగే తల్లి.

చెంచుపిల్ల తెరకెక్కడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది. 1943లో ఎస్. సౌందరరాజన్ దర్శకత్వంలో ‘చెంచులక్ష్మి’ వచ్చింది. కమలా కోట్నీస్ చెంచులక్ష్మి, సి.హెచ్. నారాయణరావు నాయకుడు. సరిగ్గా అదే ఏడాది మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పెద్ద గ్రంథం అచ్చయింది. హైదరాబాదు సంస్థానంలోని అమ్రాబాదు పీఠభూమిలో చెంచు పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో, తిరిగి రాసిన పుస్తకమది. అందులో ఆడవాళ్లు గడ్డలు తవ్వి, పళ్లు ఏరి ఇంటిని నిలిపేవాళ్లు. పొసగని మొగుణ్ని వదిలి వెళ్లగలిగినవాళ్లు. తెరమీది పిల్లకూ ఈ ఆడవాళ్లకూ మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ.

1958 ‘చెంచులక్ష్మి’ జనం మనసులో ఇప్పటికీ నిలిచిన రూపం. నిర్మాత, దర్శకుడు బి.ఎ. సుబ్బారావు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. అక్కినేని నాగేశ్వరరావు విష్ణువు, నరహరి. ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు. వైకుంఠంలో లక్ష్మి అంజలీదేవే, అడవిలో చెంచులక్ష్మీ ఆమే. ఈ రెండు వేషాల ఏర్పాటులోనే సినిమా తీర్పు ఉంది. చెంచుపిల్ల పరాయిది కాదు, లక్ష్మే చెంచుల ఇంట పుట్టింది. దాంతో సవతి పోరు పోయింది, కులం గొడవా పోయింది. దేవుడు తన భార్యనే మళ్లీ పెళ్లాడతాడు. ప్రేక్షకుడికి ఇబ్బంది లేదు, కానీ చెంచుల చేతిలోని వియ్యం కూడా అలాగే జారిపోయింది.

ఆ చిత్రానికి ఇంకో ముఖం ఉంది. ఘంటసాల, జిక్కి పాడిన యుగళగీతంలో ఆ పాత పరీక్ష అంతా బతికి ఉంది. అడిగేది పిల్ల, అన్నీ చేయగలనని బదులు చెప్పుకోవలసింది దేవుడు. అప్పటి తెలుగు సినిమాల్లో నాయకుణ్ని అర్హతలు అడిగే నాయికలు అరుదు. అంజలీదేవి విల్లు పట్టి, నడుం మీద చెయ్యి వేసి నిలబడ్డ తీరు తర్వాతి చిత్రాల్లో గిరిజన యువతి వేషానికి అచ్చయిపోయింది. ఈకలు, పూసలు, పొట్టి చీర, చిత్రమైన యాస వరస కట్టాయి. యాస సంగతి ఒకటి చెప్పుకోవాలి. చెంచుల మాట తెలుగే. సినిమావాళ్లు వాళ్లకు ప్రత్యేకంగా తయారుచేసి పెట్టిన యాస ఏ పెంటలోనూ వినబడదు.

తొమ్మిదేళ్ల తర్వాత, 1967లో ఎ.వి.ఎం. వారి ‘భక్త ప్రహ్లాద’లో అంజలీదేవి లీలావతి అయింది. హిరణ్యకశిపుడు మళ్లీ రంగారావే. ప్రహ్లాదుడి వేషం మాత్రం చిన్నపిల్ల రోజారమణిది. దేవుణ్ని నిలదీసిన పిల్ల వేసిన నటే ఇందులో కొడుకును కాపాడుకోలేక కుమిలిపోయే తల్లి. అహోబిలం కథలో స్త్రీకి తెర ఇచ్చిన రెండు స్థానాలూ ఒకే నటి ముఖంలో కనిపిస్తాయి. భయం లేనిది పెళ్లికి ముందు అడవిలో, భయమే బతుకైనది పెళ్లయ్యాక అంతఃపురంలో.

కాగితం మీదికీ తెరమీదికీ పూర్తిగా ఎక్కనిది పారువేట. సంక్రాంతి వెళ్లాక కనుమనాడు ఉత్సవమూర్తుల పల్లకి అహోబిలం వదిలి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు నలభై రోజులకు పైగా తిరుగుతుంది. చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని స్వామే ఇంటింటికీ పిలుపు చెబుతున్నాడని ఆ ఊళ్లవాళ్లు అంటారు. ఏ ఊళ్లో ఏ రోజు దిగాలో, ఏ అరుగు మీద కొలువుదీరాలో వాడుక ఉంది. పల్లకి వచ్చిన రోజే అక్కడ పండగ, ఆడపడుచులు పుట్టిళ్లకు వచ్చే రోజు కూడా అదే. పల్లకి తిరిగి చేరాక ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, వాటిలో కల్యాణం.

ఈ పారువేట మొదలయ్యేటప్పుడు చెంచులు వచ్చి పల్లకి మీదికి బాణాలు వదులుతారు. పిల్లను తీసుకుపోయిన బావ మీద బావమరుదుల బాణాలవి. ఆ తర్వాతే బోయీలు పల్లకి భుజానికెత్తుతారు.