క్రకటోవా నష్టపు లెక్కలు: 1883 నుంచి నేటి దాకా

ప్రకృతి విపత్తు తర్వాత ఏవి పోయాయో, ఏవి మిగిలాయో, మిగిలినవాటిలో ఏవి పనికొస్తాయో ఒక పద్ధతి ప్రకారం తేల్చి చెప్పే పనిని నేటి పాలనా పరిభాషలో నష్టం అంచనా అంటారు. రోడ్లు, వంతెనలు, రేవులు, దీపస్తంభాలు, తంతి తీగలు, నీటి గొట్టాలు వంటి ఉమ్మడి వసతులను, అంటే ఇప్పుడు మౌలిక వసతులని పిలుస్తున్నవాటిని, ఈ అంచనాలో ముందుగా పరిశీలిస్తారు. సాయం బాధితుల దాకా చేరాలన్నా, ఊరు మళ్లీ కుదుటపడాలన్నా వాటితోనే సాధ్యం. అగ్నిపర్వతం బద్దలై, దాని వెంటే సునామీ కూడా విరుచుకుపడినప్పుడు ఈ పని ఎంత కఠినమవుతుందో, ఏ ఆధారాల బలంతో సాగుతుందో తెలుసుకోవడానికి 1883 ఆగస్టు నాటి క్రకటోవా విలయం, దాని మీద డచ్చి వలస ప్రభుత్వం జరిపించిన విచారణ ముఖ్యమైన చారిత్రక ఉదాహరణలు. విపత్తుకు ముందు కొలిచి రాసిపెట్టుకున్న చోటనే విపత్తు తర్వాతి నష్టం సరిగా తేలుతుందని, రాసిపెట్టని బతుకులు లెక్కలోనూ మసకబారిపోతాయని ఆ చరిత్ర రుజువు చేస్తుంది.

క్రకటోవా జావా, సుమాత్రా దీవుల మధ్యనున్న సుందా జలసంధిలోని ఒక చిన్న అగ్నిపర్వత దీవి. ఐరోపా నుంచి తూర్పు సముద్రాలకు వచ్చే ఓడలు అనేకం ఆనాడు ఈ జలసంధి గుండా సాగేవి కాబట్టి డచ్చి ప్రభుత్వం దాని ఇరువైపులా దీపస్తంభాలు కట్టించింది, తీరం వెంట తంతి తీగలు వేయించింది. జావా వైపున్న అన్యేర్ రేవులో ఓడలు నీళ్లు, కూరగాయలు, కోళ్లు ఎక్కించుకునేవి. ఏ ఓడ ఎప్పుడు దాటిందో అక్కడి నుంచే బటావియాకు, అంటే నేటి జకార్తాకు, తంతి ద్వారా కబురు వెళ్లేది. అన్యేర్‌కు ఉత్తరాన ఉన్న మెరాక్‌లో కొండను తొలిచి తీసిన రాయిని బటావియాకు కొత్తగా కడుతున్న తాంజుంగ్ ప్రియోక్ రేవు పనులకు తరలించేవారు. సుమాత్రా వైపు లాంపుంగ్ అఖాతం కొసన తెలుక్ బెతుంగ్ అనే రేవు పట్నం ఉండేది. వలస రాజ్యపు వర్తకానికి ఆయువుపట్టయిన ఈ ఏర్పాట్లన్నీ అగ్నిపర్వతానికి దాదాపు 50 నుంచి 80 కిలోమీటర్ల దూరంలోపే ఉన్నాయి.

రెండు వందల ఏళ్లుగా అణిగి ఉన్న క్రకటోవా 1883 మే 20న మళ్లీ బుసకొట్టింది. మొదటి కొన్ని నెలలు దాన్ని ప్రమాదంగా కాక వింతగానే చూశారు. బటావియా నుంచి ఒక ఓడ నిండా జనం వినోదయాత్రకు కూడా వెళ్లి వచ్చారు. ఆగస్టు 11న సైనిక సర్వే అధికారి కెప్టెన్ ఫెర్జెనార్ ఆ దీవి మీద దిగి, పొగ అడ్డురాని వైపుల నుంచి కనిపించినంత మేరకు పటం గీసి, మూడు పెద్ద బిలాలను, ఇంకా అనేక చిన్న బిలాలను గుర్తించి, అక్కడ వివరమైన సర్వే చేయడం అపాయకరమని తన అధికారులకు నివేదించాడు. పేలుడుకు ముందు ఆ దీవి మీద అడుగుపెట్టినట్టు తెలిసిన చివరి మనిషి అతడే. పదహారు రోజుల తర్వాత దీవిలో అధిక భాగం మాయమైనప్పుడు, ఏ భాగం పోయిందో చెప్పగలిగిన ఆధారాల్లో ఈ అసంపూర్ణ పటం ఒకటయింది.

ఆగస్టు 26 మధ్యాహ్నం మొదలైన తీవ్ర విస్ఫోటనం 27 ఉదయం నాలుగు మహా పేలుళ్లతో పరాకాష్ఠకు చేరింది. వాటిలో పది గంటల రెండు నిమిషాలకు జరిగిన మూడో పేలుడు అన్నిటికన్నా పెద్దది. దాని మోత హిందూ మహాసముద్రంలో దాదాపు 4,800 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోడ్రిగ్స్ దీవిలో కూడా వినిపించింది. బిలం నుంచి ఎగసిన బూడిద, రాయి, వాయువుల మిశ్రమం కూలి, నేల బారున అమిత వేగంతో పరుగెత్తే వేడి ప్రవాహాలుగా మారి సముద్రంలో పడటంతో నీరు పక్కకు నెట్టుకుపోయి సునామీ పుట్టిందని నేటి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది భావిస్తున్నారు. కొన్ని తీరాల్లో అలలు 30 మీటర్లకు మించి ఎగశాయి. అన్యేర్, మెరాక్, తెలుక్ బెతుంగ్ నేలమట్టమయ్యాయి. వేడి ప్రవాహాల్లో కొన్ని సముద్రం మీదుగా దాదాపు 40 కిలోమీటర్లు సాగి సుమాత్రా తీరంలోని కెతింబాంగ్ ప్రాంతపు జనాన్ని కాల్చివేశాయి.

నష్టం తెలుసుకోవడానికి ఉన్న సాధనాలే మొదట నష్టపోవడం ఇలాంటి విపత్తుల స్వభావం. అన్యేర్‌తో తంతి సంబంధం 26 సాయంత్రానికే దెబ్బతిన్నది. 27న పట్టపగలే చీకటి కమ్మి, బటావియాలో కూడా బూడిద రాలింది. ఊళ్లు కనిపించకుండా పోయాయన్న తొలి కబుర్లు తీరానికి దూరంగా తంతి మిగిలిన ఊళ్ల నుంచి ముక్కలు ముక్కలుగా అందాయి. సుమాత్రా వైపు సంగతి మరీ కష్టమైంది. అగ్నిపర్వతం వెదజల్లిన ప్యూమిస్, అంటే గాలి బుడగలతో నిండి నీటి మీద తేలే తేలికైన రాయి, లాంపుంగ్ అఖాతంలో గట్టి పొరలా పేరుకుపోవడంతో తెలుక్ బెతుంగ్‌కు ఓడలు చేరలేకపోయాయి. సాయం, విచారణ రెండూ ఆగిపోయాయి. జలసంధి అడుగు ఎక్కడ మారిందో తెలియక దాని గుండా వెళ్లే ఓడలన్నిటికీ ముప్పు ఏర్పడటంతో, హైడ్రోగ్రాఫ్ అనే ప్రభుత్వ సర్వే నౌక ముందుగా సముద్రపు లోతులు కొలిచే పనికి దిగింది. వందల మీటర్ల ఎత్తున్న శిఖరాలు నిలిచిన చోట ఇప్పుడు 250 మీటర్లకు మించిన లోతు ఉందని, కొత్తగా రెండు చిన్న దీవులు పైకి వచ్చాయని ఆ కొలతల్లో తేలింది; వదులు బూడిదతో ఏర్పడిన ఆ దీవులు కొద్ది నెలల్లోనే అలల తాకిడికి కరిగిపోయాయి.

సమగ్ర విచారణను ప్రభుత్వం గనుల ఇంజనీరు రోగియర్ వెర్బీక్‌కు అక్టోబరులో అప్పగించింది. ఆయన 1880లోనే క్రకటోవాను చూసి రాతి నమూనాలు సేకరించి ఉండటం వల్ల పాత దీవికి, కొత్త దీవికి మధ్య తేడాను ఊహతో కాక చేతిలో ఉన్న రాళ్లతో పోల్చి చెప్పగలిగాడు. అక్టోబరు 11న కెదిరి అనే ఓడలో బయలుదేరి రెండు వారాలకు పైగా తీరాలన్నీ తిరిగి, బూడిద మందాన్ని చోటు చోటునా కొలిచి, విసర్జితమైన పదార్థం దాదాపు 18 ఘన కిలోమీటర్లని లెక్కగట్టాడు. అలల ఎత్తు తేల్చడానికి ఆయన పద్ధతి సులభమైనదే గాని నమ్మదగినది: కొండ వాలుల్లో ఏ ఎత్తు దాకా చెట్టూ చేమా ఊడ్చుకుపోయిందో, ఏ ఎత్తున చెత్త, పగడపు బండలు చిక్కుకున్నాయో చూసి కొలవడం. అన్యేర్ తీరానికి కొట్టుకొచ్చిన ఒక పగడపు బండ దాదాపు 600 టన్నుల బరువుందని అంచనా వేశారు. తెలుక్ బెతుంగ్ రేవులో లంగరు వేసి ఉన్న బెరౌ అనే చిన్న యుద్ధనౌకను అలలు రెండు కిలోమీటర్లకు పైగా లోపలికి మోసుకుపోయి ఒక నదీలోయలో వదిలేశాయి. అందులోని 28 మంది సిబ్బందీ మరణించారు.

ఏ క్షణంలో ఏం జరిగిందో నిర్ణయించడానికి వెర్బీక్‌కు ఎక్కువగా తోడ్పడినవి విపత్తు కోసం పెట్టిన పరికరాలు కావు. బటావియా గ్యాసు కర్మాగారంలో వీధి దీపాలకు వెళ్లే గ్యాసు ఒత్తిడిని కాగితం మీద నిరంతరం గీసే ఒక పరికరం ఉండేది. పేలుడు నుంచి వచ్చిన గాలి ఒత్తిడి అల దాన్ని తాకినప్పుడల్లా గీత ఎగిసిపడింది. ఆ గీతలు నమోదైన సమయం నుంచి, అల అక్కడికి చేరడానికి పట్టిన కాలాన్ని తీసివేసి, నాలుగు పేలుళ్ల వేళలను ఆయన నిర్ధారించాడు. తాంజుంగ్ ప్రియోక్ రేవులోని సముద్రమట్టపు మాపకం అలల రాకను నమోదు చేసింది. రోజూ తన పని తాను చేసుకుపోయే యంత్రం విపత్తు రోజున సాక్షి అయిందంటే దాని వెనక ఉన్నది, కాగితం మార్చడం, గడియారం సరిచేయడం ఏ రోజూ మానని ఉద్యోగుల క్రమశిక్షణ.

ఇలాంటి సాక్ష్యం తెలుగు తీరం నుంచి కూడా చేరింది. రేవులకు ఆటుపోట్ల పట్టికలు తయారుచేయడానికి భారత సర్వే విభాగం విశాఖపట్నం, చెన్నపట్నం, నాగపట్నం, పోర్ట్ బ్లెయిర్ వంటి చోట్ల టైడ్ గేజీలు, అంటే సముద్రమట్టం హెచ్చుతగ్గులను తమంతట తామే నమోదు చేసే మాపకాలు, నెలకొల్పింది. సముద్రంతో కలిసి ఉండే నిలువు గొట్టంలో ఒక బెండు నీటితోపాటు లేస్తూ దిగుతూ ఉంటే, దానికి కట్టిన తీగ ఒక పెన్సిలును కదుపుతుంది. గడియారం తిప్పే పీపాకు చుట్టిన కాగితం మీద ఆ పెన్సిలు రాత్రింబవళ్లు గీత గీస్తుంది. 1883 ఆగస్టు 27న నున్నగా సాగాల్సిన పోటు గీత మీద చిన్న చిన్న రంపపు పళ్లలాంటి కదలికలు కనిపించాయి. ఆ హెచ్చుతగ్గులను మేజర్ బేర్డ్ క్రోడీకరించి లండన్‌లోని రాయల్ సొసైటీకి నివేదిక పంపాడు. సైమన్స్ సంపాదకత్వంలో 1888లో ఆ సొసైటీ వెలువరించిన బృహత్ గ్రంథంలో ప్రపంచపు అనేక రేవుల కొలతలతో పాటు భారత తీరపు కొలతలూ చోటు చేసుకున్నాయి.

ఈ విచారణ సాధించిన దానితో పాటు అందులోని వెలితినీ చెప్పుకోవాలి. వెర్బీక్ లెక్క ప్రకారం 165 ఊళ్లు పూర్తిగా నాశనమయ్యాయి, 132 ఊళ్లు పాక్షికంగా దెబ్బతిన్నాయి, 36,417 మంది మరణించారు. వారిలో ఐరోపావారు 37 మంది. ఈ 37ను విడిగా లెక్కపెట్టగలగడానికి, మిగతా 36 వేల పైచిలుకు మరణాలను ఊరి మొత్తాలుగా మాత్రమే చూపడానికి కారణం ఒక్కటే: వలస ప్రభుత్వపు దస్త్రాలు మొదటివారిని ఒక్కొక్కరుగా ఎరుగును, రెండోవారిని గుంపుగానే ఎరుగును. అన్యేర్ దగ్గర కూలిన దీపస్తంభం స్థానంలో రెండేళ్లకే, 1885లో, కొత్త ఇనుప స్తంభం లేచింది; పాతదాని పునాది ఇప్పటికీ దాని పక్కనే ఉంది. ఓడల దారికి వెలుగు అంత త్వరగా తిరిగొచ్చిందంటే దాని కొలతలు, ఖర్చు, ప్రయోజనం అప్పటికే రాసి ఉన్నాయి కాబట్టే. వరి మడులు, కొబ్బరి తోటలు, చేపల పడవలు కోల్పోయిన పల్లెలకు అలాంటి రాత లేదు, ఆ తొందరా కనిపించదు.

నూట ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, 2022 జనవరి 15న, పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దేశంలో హుంగా టోంగా–హుంగా హాపై అనే సముద్రాంతర అగ్నిపర్వతం బద్దలై సునామీ పుట్టించినప్పుడు అవే చిక్కులు కొత్త రూపంలో ఎదురయ్యాయి. టోంగాను ఫిజీతో కలిపే 827 కిలోమీటర్ల సముద్రాంతర కేబుల్ తెగి దేశం ప్రపంచానికి దూరమైంది. దాన్ని బాగుచేయడానికి దాదాపు ఐదు వారాలు పట్టగా, లోపలి దీవులను కలిపే మరో కేబుల్ 2023 దాకా మరమ్మతుకు నోచుకోలేదు. ప్రధాన విమానాశ్రయపు రన్‌వే మీద పేరుకున్న బూడిదను మనుషులు చేతులతో ఊడ్చి ఎత్తిపోస్తే గాని సహాయ విమానాలు దిగలేదు. తొలి అంచనాలు ఉపగ్రహ చిత్రాల నుంచి, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నిఘా విమానాలు తీసిన ఫొటోల నుంచి వచ్చాయి. ప్రపంచ బ్యాంకు నెల రోజుల్లోపే ప్రత్యక్ష నష్టం 9.04 కోట్ల డాలర్లని, అది ఆ దేశపు స్థూల దేశీయోత్పత్తిలో 18.5 శాతానికి సమానమని ప్రకటించింది. ఊరూరా తిరగకుండానే ఇలాంటి అంచనా వేయాలంటే కట్టడాలు ఎక్కడున్నాయో, వాటి విలువెంతో చెప్పే సమాచారం ముందే పోగుచేసి ఉండాలి. సముద్రగర్భంలో ఎంత పదార్థం కదిలిందో తర్వాత తేలిందన్నా, విస్ఫోటనానికి ముందే ఆ అగ్నిపర్వతపు అడుగును కొలిచిన పటాలు ఉండబట్టే.

క్రకటోవా ఉన్నచోట 1927లో పైకి వచ్చిన అనక్ క్రకటోవా అనే కొత్త శంకువు 2018 డిసెంబరు 22 రాత్రి ఒక పక్కకు కూలి, పెద్ద భూకంపమేదీ లేకుండానే సునామీని లేపి 400 మందికి పైగా ప్రాణాలు తీసింది. భూకంపం సూచన మీద ఆధారపడే హెచ్చరిక వ్యవస్థకు అగ్నిపర్వతపు సునామీ అందకపోవచ్చునని, అలాంటప్పుడు ఆదుకునేది తీరంలో నిరంతరం పనిచేసే సముద్రమట్టపు మాపకమేనని ఆ రాత్రి స్పష్టమైంది.

2004 డిసెంబరు 26 సునామీలో ఆంధ్ర తీరం వందమందికి పైగా మనుషులను కోల్పోయింది. ఆ తర్వాత 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సేవల సంస్థలో భారత సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. హెచ్చరిక ప్రాణాలు కాపాడగలదు గాని, పోయినదాన్ని తిరిగి నిలబెట్టడానికి కావలసిన లెక్కను అది ఇవ్వదు. తుపానులకు, ఉప్పెనలకు అలవాటుపడిన ఈ తీరంలో ప్రతి ఊరి వంతెన, కరెంటు స్తంభం, మంచినీటి చెరువు, తుపాను షెల్టరు, పడవ, వల ఏ స్థితిలో ఉన్నాయో, ఎవరివో ఏటేటా రాసిపెట్టే దస్త్రం ఉండాలి, అందులో కౌలుదారుకు, మత్స్యకారుడికి కూడా పేరుతో చోటుండాలి. నష్టం జరిగాక మొదలుపెట్టే లెక్క ఎప్పుడూ బలవంతుడి దస్త్రాన్నే ముందు నమ్ముతుంది కనుక, బలహీనుడి పక్షాన ఆ దస్త్రాన్ని ముందే రాసి ఉంచడం ప్రభుత్వాల, పంచాయతీల విధి.