ఉసిళ్లు – చెదలు – గ్రంథాలయము

తొలకరి వాన వెలిసిన సాయంకాలము పుట్టలనుండియు, గోడల నెఱ్ఱెలనుండియు రెక్కల పురుగులు గుంపులుగా వెలువడి దీపములను చుట్టుముట్టుట మన ధర్పల్లి ప్రాంతమున అందఱెఱిగిన విషయము. వీనినే మనము ఉసిళ్లందుము. గ్రంథాలయ సంచికలో పురుగుల చరిత్రకు చోటేల యని కొందఱకు తోచవచ్చును. కాని ఉసిళ్లు వేఱు, చెదలు వేఱు కావు. చెదలలో రెక్కలు వచ్చినవే ఉసిళ్లు. పుస్తకములను తిను చెదలు వీని సంతానమే.

ఉసిళ్లు కొద్దిసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకొని, ఆడుమగలు జతగూడి తడిసిన మంటిలో దూరును. ఆ జంటయే క్రొత్త పుట్టకు రాజు, రాణి. కాకులకు, కప్పలకు, బల్లులకు ఆహారము కాగా మిగులునవి కొన్ని మాత్రమే. వీనిని తెల్లచీమలనుట వాడుకయే గాని, నేటి శాస్త్రజ్ఞులు వీనిని బొద్దింకల వర్గమున చేర్చియున్నారు.

దక్షిణదేశపు చెదలను గూర్చి శాస్త్రదృష్టితో తొలుత వ్రాసినవారిలో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఒకరు. లిన్నేయసు శిష్యుడైన ఈ వైద్యుడు 1768లో తరంగంబాడిలోని డేనిషు స్థావరమునకు వచ్చెను. పిదప ఆర్కాటు నవాబు కొలువునను, ఈస్టిండియా కంపెనీ కొలువునను పనిచేసి, 1785లో మన తెలుగునేలపైననే, కాకినాడలోని జగన్నాథపురమున మరణించెను. చెదలపై ఆయన వ్యాసము 1779లో బెర్లినున వెలువడెను. ఆఫ్రికా చెదలను వర్ణించిన హెన్రీ స్మీత్‌మన్ 1781లో లండను రాయల్ సొసైటీ పత్రికయందు దానిని ఉదాహరించెను.

అందు ఉసిళ్లను పట్టు విధము కలదు. పుట్టకు గాలి వచ్చు వైపున ఒక కన్నము, గాలి పోవు వైపున మఱియొక కన్నము చేయుదురు. గాలి పోవు వైపున, లోపల కరివేపాకు రుద్దిన కుండ మూతిని ఆనింతురు. రెండవవైపున దుర్వాసనగల వస్తువులతో పొగ పెట్టుదురు. పొగకు తాళలేక ఉసిళ్లు కుండలో చేరును. ఒక్కొక్కప్పుడు త్రాచుపాములును వచ్చును గనుక కుండను జాగ్రత్తగా తీయవలయును. పట్టిన ఉసిళ్లను పిండితో కలిపి వంటకములుచేసి బీదలకు చౌకగా అమ్ముదురు. మితిమీరి తిన్నచో కడుపునొప్పియు, రక్తగ్రహణియు కలిగి ప్రాణాపాయమగునని కూడ ఆయన వ్రాసెను. దీపము క్రింద నీళ్ల పళ్లెమునుంచి ఉసిళ్లను పట్టి, రెక్కలు చెఱిగి, వేయించి తినుట మన పల్లెల పెద్దలును ఎఱిగినదే.

గాలి దెసను, పొగ నడకను, పురుగు స్వభావమును ఇంత చక్కగా ఎఱిగినవారు పల్లెజనులు. వారిలో ఒక్కరి పేరును నిలువలేదు. విని వ్రాసిన వైద్యుని పేరు మాత్రము కరివేపాకు శాస్త్రనామమున నేటికిని నిలిచియున్నది. వ్రాత యొక్క బలమిట్టిది.

బీదల యాకలి తీర్చిన ఈ జాతియే రైతునకును, పాఠకునకును శత్రువు. 1931లో నిజాంసాగరము పూర్తియగుటయు, 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలయుటయు మన జిల్లాలో చెఱకు సాగును వృద్ధిచేసినవి. నాటిన చెఱకు ముచ్చెలను తొలుచునవి చెదలే. తాళపత్రములను కాపాడుటకు పూర్వులు పసుపును, నిమ్మగడ్డి నూనెను పూసెడివారు. కాగితపు గ్రంథములకు నేడు కావలసినది బీరువాను గోడకు దూరముగ నుంచుట, చెమ్మ చేరనీయకుండుట, పుస్తకములను తఱచుగా తీసి దులుపుట.

చెదలు తిన్న గ్రంథమునకు వేఱొక ప్రతి యున్నచో మరల తెచ్చుకొనవచ్చును. వ్రాయకమున్నే పోయిన తెలివికి ప్రతి లేదు. కావున ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయమున ఒక ఖాళీ పుస్తకము నుంచి, వానలను, పురుగులను, పంటలను, వంటలను గూర్చి మన పెద్దలు చెప్పునది చెప్పినట్లు వ్రాయించుట మంచిది. వచ్చు తొలకరికి ఉసిళ్లు తప్పక వచ్చును. వానిని గూర్చి చెప్పగల పెద్దలు అన్ని తొలకరులకును ఉండరు.