ఇల్లే చిత్రశాల

పిల్లల చేతికి రంగుల పెట్టె ఇచ్చి చెట్టు వెయ్యమనండి. మాను గోధుమరంగు, ఆకులు పచ్చ, కింద నీడ నలుపు. ఎదురుగా కిటికీలోంచి చెట్టు కనబడుతూనే ఉన్నా ఒక్కసారి తలెత్తి చూడరు. చెట్టంటే ఇలా ఉంటుందని ఎవరో చెప్పారు, వాళ్ళు వేసేశారు. తప్పు పిల్లలది కాదు లెండి. 150 ఏళ్ళ క్రితం పారిస్‌లో పేరుమోసిన చిత్రకారులు చాలామంది ఆరుబయటి దృశ్యాన్ని కూడా గదిలో కూర్చునే, ముదురు రంగులతో నున్నగా పూర్తిచేసేవారు. "కాదు, మా కంటికి ఏది కనబడితే అదే వేస్తాం" అని కొద్దిమంది ఎదురుతిరిగారు. వాళ్ళ పద్ధతికే ఇంప్రెషనిజం అని పేరు. సోదరీమణులారా, ఆ కథని పిల్లలకి మనం ఇంట్లోనే, రంగులతో ఆడిస్తూ చెప్పవచ్చు. ఎందుకంటే ఆ కళలో మంచి భాగం ఇంట్లోనే పుట్టింది.

ఆ రోజుల్లో పారిస్‌లో 'సలోన్' అని పెద్ద ప్రదర్శన జరిగేది. అందులో బొమ్మ పెట్టాలంటే న్యాయనిర్ణేతలు ఒప్పుకోవాలి. వాళ్ళు కాదంటే ఆ బొమ్మ కొనేవాళ్ళు కరువే. క్లోడ్ మోనే, రెన్వా, పిసారో, దెగా మొదలైనవారు విసిగిపోయి, 1874 ఏప్రిల్ 15న, నాదార్ అనే ఫొటోగ్రాఫర్ ఖాళీ చేసిన స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. మొత్తం 30 మంది దాకా పాల్గొన్నారు. లె హావ్ర్ రేవులో పొద్దుపొడుపుని చూపించే తన బొమ్మకి మోనే 'ఇంప్రెషన్, సూర్యోదయం' అని పేరు పెట్టాడు. ఇంప్రెషన్ అంటే చూడగానే మనసుమీద పడే ముద్ర. లూయీ లెరువా అనే విలేఖరి ఆ మాట పట్టుకుని ఎగతాళి చేస్తూ వ్యాసం రాశాడు. ఆ వెక్కిరింతే చివరికి అందరికీ పేరై కూర్చుంది.

వీళ్ళకి కలిసొచ్చినవి రెండున్నాయి. ఒకటి రంగుల ట్యూబు. అంతకుముందు నూరిన రంగుని పంది మూత్రాశయంతో చేసిన సంచుల్లో మూటగట్టి దాచుకునేవారు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబు కనిపెట్టాడు. ఇక రంగులు జేబులో వేసుకుని పొలానికైనా, ఏటి ఒడ్డుకైనా వెళ్ళవచ్చు. రెండోది మనకి బట్టల కొట్లో బాగా తెలిసిన విషయమే. ఒకే జాకెట్టు గుడ్డ ఒక చీరమీద వెలవెలబోతుంది, ఇంకో చీరమీద మెరుస్తుంది. పారిస్‌లో గోబ్లాన్ అనే తివాచీల కార్ఖానాలో రంగుల అద్దకాన్ని చూసే షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకి, నలుపు సరిగ్గా పట్టలేదని ఫిర్యాదులు వచ్చేవి. పరీక్షించి చూస్తే లోపం అద్దకంలో లేదు, పక్కనున్న రంగులో ఉంది! ఏ రంగైనా తన పక్క రంగుని బట్టే కంటికి కనబడుతుందని ఆయన 1839లో పుస్తకం రాశాడు. ఇంప్రెషనిస్టులు ఆ కిటుకు బాగా వాడుకున్నారు. రంగులన్నీ ఒకచోట కలిపి మురికి చెయ్యకుండా, పక్కపక్కన చిన్నచిన్న పూతలుగా పెట్టారు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మనిషి దగ్గరికి వస్తాను. ఆ మొదటి ప్రదర్శనలో ఉన్న ఒకే ఒక స్త్రీ, బెర్త్ మొరిసో. 1841లో పుట్టింది. పారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళాశాలలో ఆడపిల్లలకి 1897 దాకా ప్రవేశమే లేదు. అంచేత బెర్త్, ఆమె అక్క ఎద్మా ఇద్దరూ ఇంటికి గురువుని పిలిపించుకుని నేర్చుకున్నారు. మ్యూజియంలో పాత చిత్రాలు చూసి గీసుకోవడానికి వెళ్ళాలన్నా వెంట తల్లి ఉండాల్సిందే. గురువు గిషార్ వాళ్ళ తల్లిని ముందే హెచ్చరించాడట: ఈ పిల్లలు సరదాకి గీసేవాళ్ళుగా మిగలరు, నిజమైన చిత్రకారులవుతారు, మీలాంటి గొప్పింట్లో అది పెద్ద గొడవే అని. 1869లో ఎద్మాకి నౌకాదళ అధికారితో పెళ్ళయింది. అంతటితో ఆమె చిత్రలేఖనం ఇంచుమించు ఆగిపోయింది.

చెల్లెలు మాత్రం వదల్లేదు. స్నేహితులైన మగవాళ్ళలాగా ఒంటరిగా కాఫీ హోటళ్ళకీ, వీధులకీ తిరగడానికి వీల్లేదు గనక ఇంట్లో కళ్ళెదుట ఉన్నదే వేసింది. 1872లో వేసిన 'ఉయ్యాల'లో పలచని తెర వెనక పసిపాప, పక్కన చేతిమీద తలవాల్చి చూస్తున్న తల్లి. ఆ తల్లి ఎవరో కాదు, కుంచె వదిలేసిన ఎద్మాయే. ఆ బొమ్మ 1874 ప్రదర్శనలో అమ్ముడుపోలేదు. 1930లో లూవ్ర్ మ్యూజియం కొన్నది. బెర్త్‌కి 1878లో జూలీ పుట్టింది. మొత్తం 8 ప్రదర్శనల్లో ఆమె పాల్గొననిది 1879లోది ఒక్కటే. తరవాత కూతురే ఆమెకి బొమ్మా, శిష్యురాలూ అయింది. బొమ్మతో ఆడుకునే జూలీ దగ్గర్నించి వయొలిన్ వాయించే జూలీ దాకా వేసింది, కూతురికీ వెయ్యడం నేర్పింది. 1895లో జూలీకి జబ్బు చేస్తే సేవ చేసి, ఆ జబ్బే తనకి తగిలి, 54వ ఏట కన్నుమూసింది. ఆమె మరణపత్రంలో వృత్తి అన్నచోట ఏమీ లేదని రాశారు. ఇది వింటే మనలో చాలామందికి ఏదో ఒక ఫారం గుర్తుకొస్తుంది.

సరే, పిల్లలతో ఏం చేయించాలి? మొదటిది దండెం మీద బట్టలు. 1875లో బెర్త్ ఊరి చివర బట్టలారేస్తున్న దృశ్యాన్ని వేసింది. మనకి డాబా చాలు. ఎండలో తెల్ల దుప్పటి ఆరేసి, "నాన్నా, దాని మడతల్లో నీడ ఏ రంగులో ఉందో చూడరా" అనండి. కాసేపు నిదానించి చూస్తే నీలం కనబడుతుంది. ఎండ అడ్డుపడ్డ చోట కూడా ఆకాశపు నీలివెలుగు పడుతూనే ఉంటుంది మరి. ఆ రోజుకి నల్లరంగు బిళ్ళ పెట్టెలోంచి తీసి దాచేయండి.

రెండోది పొద్దు. 1890, 91 సంవత్సరాల్లో మోనే తన ఇంటి పక్క పొలంలో కుప్పల్ని మళ్ళీ మళ్ళీ వేసి, వాటిలో 15 బొమ్మలు ఒకేసారి ప్రదర్శించాడు. గడ్డివాములని అంటారుగానీ అవి ఇంకా నూర్చని పనల కుప్పలు. కుప్ప అదే, వెలుగు వేరు. పిల్లల చేత ఇంట్లో నీళ్ళ బిందెనో, పెరట్లో తులసికోటనో పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు వేయించండి. ఒక్కోదానికి పావుగంట మించనివ్వకండి. వెలుగు ఆగదు గదా!

మూడోది షెవ్రల్ పాఠం. ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించి, ఎర్ర కాగితం మీద ఒకటి, ఆకుపచ్చ కాగితం మీద ఒకటి అంటించమనండి. ఎరుపు మీదున్నది కాస్త పచ్చగా, పచ్చ మీదున్నది కాస్త ఎర్రగా అనిపిస్తుంది. రెండూ ఒకటే అంటే వాళ్ళు నమ్మరు.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. పిల్లవాడు ఆకుకి ఊదారంగు వేస్తే "ఆకు ఊదాగా ఉంటుందా?" అని కసరకండి. "నీకు ఎక్కడ కనబడింది, చూపించు" అనండి. చూపించగలిగితే వాడు చూసే వేశాడన్నమాట.

ఆడపిల్లల రంగుల పెట్టెని పెళ్ళి కాగానే అటకెక్కించకండి. ఎద్మా చేయి ఆగిపోయాక ఆమె ఇంకేం వేసి ఉండేదో ఎవరికీ తెలియలేదు. పిల్లలు డాబామీద కూర్చుని వేస్తున్నప్పుడు మీరూ ఒక కాగితం తీసుకుని పక్కన కూర్చోండి. పప్పు ఉడికేలోగా ఒక దుప్పటి నీడ వెయ్యడానికి వ్యవధి ఉంటుంది.