అత్తయ్య నడిచి చూసిన పేట

గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లిలో ఆగేసరికి బాగా తెల్లవారింది. ఏప్రిల్ చివరి శనివారం. ప్లాట్‌ఫాం మీద గాలి అప్పుడే వెచ్చగా తగులుతోంది. మా ఆయన చొక్కా జేబులో మడత పెట్టిన కాగితం ఉంది. మణికొండలో ఒక ఇల్లు, నల్లకుంటలో ఒకటి, తార్నాకలో ఒకటి. రేపు రాత్రికి రాజమండ్రికి తిరుగు టికెట్లు.

జూన్‌లో ఆయన హైదరాబాద్ రాయదుర్గం ఆఫీసులో చేరాలి. పాప ఎనిమిదో తరగతిలో చేరాలి. అత్తయ్యకి మాత్రం ఈ ఊళ్లో చేరవలసిన చోటంటూ ఏదీ లేదు. రోజుకి ఇరవై నాలుగు గంటలూ ఆ ఇంట్లో ఉండబోయేది ఆవిడే. ఆ సంగతి తట్టాకే, "అమ్మకి ప్రయాణం కష్టం, మనిద్దరం వెళ్లొద్దాం" అని ఆయనంటే నేను ఒప్పుకోలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి. ఇన్నీసుపేట ఇంట్లోంచి రోజూ చీకటితోనే బయల్దేరి కోటిలింగాల రేవు దాకా నడిచి, నీళ్లు నెత్తిన జల్లుకుని, కొత్తిమీర కట్ట కొనుక్కుని వస్తుంది. మోకాళ్లు బానే ఉన్నాయి. కళ్లే కాస్త మందం. బళ్లు వేగంగా వచ్చే రోడ్డు దాటాలంటే భయం.

మణికొండలో అయిదో అంతస్తు. తలుపు తీయగానే చల్లటి తెల్ల టైల్స్, కొత్త చెక్క వాసన, గోడ నిండా అరలు. బ్రోకరు కుర్రాడు బాల్కనీ తలుపు జరిపాడు. ఎదురుగా రాయదుర్గం వైపు అద్దాల మేడలు ఎండకి మెరుస్తున్నాయి. "సార్ ఆఫీసు పది నిమిషాలక్కా. ఈస్ట్ ఫేసింగ్. అద్దె 32 వేలు, మెయింటెనెన్స్ వేరే, అడ్వాన్స్ రెండు నెలలు." మా ఆయన ముఖం విప్పారింది. పదిహేనేళ్లుగా బ్యాంకు పనుల మీద ఊళ్లు తిరిగిన మనిషి, ఆఫీసుకి పది నిమిషాలంటే ఎవరికి ఆశ ఉండదు?

అత్తయ్య తిన్నగా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. ధార బాగానే వచ్చింది. కుళాయి మూతి చుట్టూ గట్టిపడిన తెల్లటి పొరని గోటితో గీకి చూసింది. "బోరు నీళ్లు. పప్పు ఉడకదు" అంది. బ్రోకరు ఏదో అనబోయాడు. అంతలో కింద నుంచి మోటారు మోత. బాల్కనీలోంచి తొంగిచూశాం. గేటు దగ్గర నీళ్ల ట్యాంకరు నిలబడి ఉంది, తొడంత లావు గొట్టం సంపులోకి దించారు.

కిందికి దిగాక వాచ్‌మన్‌ని పలకరించాను. పాలకొండ వైపు మనిషి. "మంజీరా నీళ్లు రావా బాబూ?" అంటే, "లైనుందండి. రెండ్రోజులకోపాలి వత్తాది. అందరికీ సాలదు. ఎండలు ముదిరితే రోజుకి మూడు, నాలుగు టాంకర్లు దిగాల్సిందేనండి" అన్నాడు, దాచకుండా. ఈ ఊళ్లో కుళాయి నీళ్లని ఇప్పటికీ మంజీరా అనే అంటారు. నాగార్జునసాగర్ నుంచి కృష్ణ వచ్చినా, ఎల్లంపల్లి నుంచి 2015లో గోదావరి వచ్చినా పేరు మాత్రం మారలేదని మా ఆయన చెప్పారు. గోదావరి మాట వినగానే అత్తయ్య చటుక్కున తల తిప్పింది. "మన గోదారేనా?" "అదేనమ్మా, మనకంటే ముందే ఇక్కడ ఆపి పంపుతారు" అన్నారు మా ఆయన. ఆవిడ ఇంకేం అనలేదు గానీ, ముఖంలో ఏదో మెత్తబడింది.

గేటు బయట అసలు చిక్కు కనిపించింది. కాలిబాట లేదు. ఒక పక్క కంకర గుట్ట, రెండో పక్క ఆగి ఉన్న కార్లు, మధ్యలోంచి టిప్పర్లు. కూరగాయల దుకాణం రోడ్డుకి అవతల. నేను చెయ్యి పట్టుకుంటే గానీ అత్తయ్య అడుగు వేయలేదు. నాలుగు నిమిషాలు నిలబడ్డాం దాటడానికి.

"కూరగాయలు, పాలు, మందులు అన్నీ ఫోన్ చేస్తే ఇంటికే వస్తాయి ఆంటీ" అన్నాడు బ్రోకరు. మంచి కుర్రాడే, అబద్ధం చెప్పలేదు.

"వస్తాయి నాయనా. మరి నేనెక్కడికెళ్లాలి?" అంది అత్తయ్య.

మా ఆయన కాగితం తీసి మొదటి గీత కొట్టేశారు. మనసొప్పి కొట్టలేదు, అది నాకు తెలుసు.

మధ్యాహ్నం రెండింటికి నల్లకుంటలో ఉన్నాం. ఇక్కడి గాలే వేరు. శంకర మఠం, కూరగాయల మార్కెట్, వీధి వీధికీ ఒక డాక్టరు బోర్డు, పూల బుట్టలు. "ఇది మనూళ్లా ఉందే అమ్మాయ్" అంది అత్తయ్య ఆటో దిగుతూనే. ఆవిడ నడక కూడా మారింది. నా చెయ్యి వదిలేసి ముందు నడిచింది.

ఇల్లు కింది భాగం. మూడు గదులు, పాత మొజాయిక్ గచ్చు, వెనక జామచెట్టు. గోడలకి అప్పుడే వేసిన లేత పసుపు రంగు. అద్దె మణికొండ కంటే ఎంతో తక్కువ. పాప అప్పుడే తన గది ఏదో తేల్చేసుకుంది. నాకూ నచ్చింది. ఇంకో అయిదు నిమిషాలుంటే అడ్వాన్స్ మాట ఎత్తేవాళ్లమే.

అత్తయ్య వెనక గది గుమ్మం దగ్గర ఆగిపోయింది. వంగి, ద్వారబంధాన్ని అడుగు నుంచి పైకి అరచేత్తో తడుముతూ వచ్చింది. మోకాలి ఎత్తున చెయ్యి ఆగింది. దగ్గరికెళ్లి చూశాను. అక్కడి దాకా చెక్క ఉబ్బి, పీచు లేచి, మళ్లీ లప్పం పెట్టి రంగు వేసి ఉంది. ఆ పైన నున్నగా, పాత టేకు. గీత గీసినట్టు తేడా. తర్వాత గోడ వైపు చూపించింది. "ఆ ప్లగ్గులు చూడు." మామూలుగా నేలకి జానెడు, మూరెడు ఎత్తులో ఉండే ప్లగ్గు పాయింట్లు ఈ ఇంట్లో నా భుజం దగ్గర ఉన్నాయి. ప్రతి గదిలోనూ. బయట గేటు కింద కొత్తగా కట్టిన సిమెంటు గట్టు, అడుగున్నర ఎత్తు. వచ్చేటప్పుడు దాన్ని దాటుకునే వచ్చాం, ఎందుకుందో ఆలోచించలేదు.

"ఇది వరద గీతే అమ్మాయ్" అంది.

ఆవిడ పుట్టిల్లు కోనసీమ లంకల్లో. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో, ఆవిడ వాళ్ల పుట్టింటి డాబా మీద పిల్లల్ని పెట్టుకుని ఉంది. ఆ ఇంటి గోడ మీద ఆ నీళ్ల మచ్చ చాలా ఏళ్లు చెరపలేదట. నీళ్లు తాగిన చెక్క ఎలా ఉంటుందో ఆవిడ చేతికి తెలుసు.

ఇల్లుగలాయన లోపలున్నాడు. ఆయన్ని అడగలేదు. వీధి చివర వేపచెట్టు కింద ఇస్త్రీ బండి ఉంటే అక్కడికెళ్లాను. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు విసురుకుంటూ ఆయనే చెప్పాడు. "ఇరవైల దసరా ముంగట పడ్డయి జూడమ్మా వానలు, గప్పుడు మోకాళ్ల దాంక వచ్చినయి నీళ్లు. ఫ్రిజ్జులు తేలినయి. పెద్ద వాన పడ్డదంటె నాలా పొంగుతది. ఏడాదికోసారైనా రోడ్డు మీదికొస్తయి. మీదింట్ల అయితె తీస్కోండ్రి, కింద వద్దు."

ఆయన చెప్పింది 2020 అక్టోబరు 13 నాటి వాన. ఆ రాత్రి హైదరాబాద్‌లో ఎన్నో కాలనీలు మునిగాయి. కారణం ఎక్కడో లేదు, ఈ ఊరి కట్టుబడిలోనే ఉంది. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండితే అలుగు పారి కింది దాంట్లోకి, అక్కణ్నుంచి ఇంకో దాంట్లోకి, ఆఖరికి మూసీలోకి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్విన హుస్సేన్ సాగర్ మిగులు నీళ్లు మూసీకి వెళ్లే దారి ఈ నల్లకుంట పక్క నుంచే. చెరువులు తగ్గాయి, కాలువలు ఇరుకయ్యాయి, కానీ వాన నీరు తన దారి మరిచిపోలేదు. పేర్లలో ఇంకా ఆ నీళ్లు ఉన్నాయి. నల్లకుంటలో కుంట, మాసబ్ ట్యాంక్‌లో చెరువు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసుకుపోయాకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించి, ఆయన సలహా మీద ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. కొత్త ఊళ్లో ఇల్లు చూసేవాళ్లు పేట పేరుని ఒకసారి పైకి పలికి చూసుకోవాలి. కుంట, చెరువు, తలాబ్ అని వినిపిస్తే కింది అంతస్తు గోడని తడమాలి. ఏటవాలు రోడ్డులో ఇల్లు పైన ఉందో కింద ఉందో చూడాలి.

నల్లకుంట మంచి పేట. ఆ మాట మళ్లీ చెబుతున్నాను. మేడ మీద వాటా ఖాళీగా ఉంటే అక్కడే దిగేవాళ్లం. ఆ చుట్టుపక్కల ఆ రోజు దొరకలేదు.

రాత్రి విద్యానగర్‌లో మా పిన్నిగారింట్లో భోజనాలయ్యాయి. తొమ్మిదిన్నరకి, అందరూ వద్దంటున్నా, నేనూ మా ఆయనా తార్నాక వెళ్లాం. పగలు ప్రతి వీధీ బాగానే ఉంటుంది. రాత్రి పదింటికి మందుల షాపు తీసి ఉందా, వీధి దీపాలు వెలుగుతున్నాయా, ఆడపిల్లలు ఒంటరిగా నడిచి వస్తున్నారా, నాకు ఇవి కావాలి. మెట్రో స్టేషన్ మెట్ల మీంచి బ్యాగులు తగిలించుకున్న అమ్మాయిలు ఇద్దరు, ముగ్గురు చొప్పున దిగి సందుల్లోకి తిరుగుతున్నారు, తొందర లేకుండా. ఇడ్లీ బండి దగ్గర విద్యార్థులు. మేం చూడాల్సిన సందులో ఒక తాతగారు అరుగు మీద కూర్చుని రేడియో వింటున్నారు. కుక్కలున్నాయి, మొరిగాయి. దోమలు కూడా బాగానే ఉన్నాయి.

ఆదివారం ఆరింటికి అత్తయ్యతో, పాపతో మళ్లీ వచ్చాం. ఇల్లు రెండో అంతస్తు, పాతది. లిఫ్టు చిన్నది, వంటగది ఇరుకు, స్నానాల గది తలుపు గడియ సరిగ్గా పడదు. అద్దె 22 వేలు. కుళాయి నీళ్లు, బోరు, రెండూ ఉన్నాయి. ప్లగ్గులు ఉండాల్సిన ఎత్తులోనే ఉన్నాయి, ముందు అవే చూశాను. మణికొండ ఇంటితో పోలిస్తే కంటికి ఆనేది కాదు. మా ఆయన పెదవి విరిచారు.

"మీరు ఇప్పుడే మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్లి ఫోన్ చేయండి" అన్నాను. తార్నాక నుంచి రాయదుర్గం ఒకే లైను, బండి మారక్కర్లేదు. ఈ పేట పేరు కాగితంలోకి ఎక్కింది కూడా అందుకే. ఆఫీసుకి దగ్గర దొరకనప్పుడు రైలుకి దగ్గర చూసుకోవాలి. రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు ఒక రోజు అరగంట, ఇంకో రోజు గంటన్నర. పట్టాల మీద దూరానికి రోజూ అదే లెక్క.

ఆయన వెళ్లారు. నేను అత్తయ్య చేతిలో వంద రూపాయలు పెట్టాను. "అత్తయ్యా, మీరొక్కరే వెళ్లి పాల పాకెట్టు తెచ్చి పెట్టండి. దారి నేను చెప్పను."

ఆవిడ నా వంక ఒకసారి చూసి, కొంగు బిగించుకుని మెట్లు దిగింది. పాప కూడా వెళతానంటే ఆపాను. ఇద్దరం బాల్కనీలో నిలబడ్డాం. తెల్ల జరీ అంచు చీర సందు మలుపు దాకా కనిపించింది, తర్వాత కనిపించలేదు. అయిదు నిమిషాలు. పది. నా గుండె కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది. ఏ స్కూటరో వేగంగా వచ్చిందేమో, తప్పు మలుపు తిరిగిందేమో. ఫోన్ చేద్దామంటే ఆవిడ ఫోన్ నా సంచిలోనే ఉంది. పధ్నాలుగు నిమిషాలు. "నాయనమ్మ!" అని అరిచింది పాప.

వస్తోంది. ఒక చేతిలో పాల పాకెట్టు, రెండో చేతిలో కొత్తిమీర కట్ట. పక్కన ఆవిడ ఈడు మనిషే ఇంకొకావిడ, బూట్లు వేసుకుని. గేటు దగ్గర నిలబడి ఇద్దరూ ఇంకో అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు.

పైకొచ్చి మంచినీళ్లు తాగి చెప్పింది. "పెద్ద రోడ్డు దాటక్కర్లేదు. పాల బూతు రెండు మలుపుల అవతల. కూరల బండి పక్కనే. కొత్తిమీర పది రూపాయలు, మన దగ్గర కంటే ఎక్కువే. ఆవిడది ఖమ్మం. రోజూ పొద్దున్నే యూనివర్సిటీ లోపలికి నడవడానికి వెళుతుందిట. చెట్లు బాగా ఉంటాయిట. రేపట్నించి రమ్మంది. జూన్ దాకా రానని చెప్పాను."

నిజంగా ఎలా ఉంటుందో చూద్దామని ముగ్గురం ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచాం. రోడ్డుకి రెండు పక్కలా చెట్లు, ఎక్కడో కోయిల. చీరల మీద బూట్లు వేసుకున్న ఆడవాళ్లు, చేతులు ఊపుకుంటూ పెద్దవాళ్లు, పోటీ పరీక్షల పుస్తకాలతో కుర్రాళ్లు. ఆర్ట్స్ కాలేజీ గులాబీ రంగు రాయి మీద పొద్దుటి ఎండ పడుతోంది. 1939లో పూర్తయిన కట్టడం. అత్తయ్య మెట్ల కింది వరస మీద కూర్చుని దాని పెద్ద వాకిలి వైపు చూస్తూ ఉండిపోయింది. "గోదారి లేదు గానీ…" అని ఆగిపోయింది. వాక్యం పూర్తి చేయలేదు. నేనూ అడగలేదు. కోటిలింగాల రేవుకి బదులు ఇదని ఎవరూ అనలేరు.

ఫోన్ మోగింది. "ముప్పావు గంట పట్టింది. కూర్చునే వచ్చాను, ఆదివారం కదా. మామూలు రోజుల్లో నిలబడాలి" అన్నారు మా ఆయన. కాసేపాగి, "అమ్మ ఏమంటోంది?" అన్నారు. పాల పాకెట్టు సంగతి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. "సరే, ఇంటాయనతో మాట్లాడు. నేను వచ్చే బండి ఎక్కుతున్నా."

పాప బడి సంగతి తేలిగ్గానే తేలింది. నడిచి వెళ్లే దూరంలో ఒకటి, సందు చివర బస్సు ఆగే ఇంకొకటి ఉన్నాయి.

ఆయన రోజుకి గంటన్నర రైల్లో నిలబడతారు. ఆ కష్టం చిన్నదని నేననను. కానీ ఆ గంటన్నరకి అటు చివర, ఇటు చివర ఆయనకి మనుషులుంటారు. మణికొండలో అయితే అత్తయ్యకి రోజంతా గోడలే. ఇల్లు చూడటానికి వెళ్లేవాళ్లందరికీ నాదొకటే మనవి. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు ఉండబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. ఒంటరిగా ఒకసారి బయటికి పంపి, వాచీ చూసుకుంటూ నిలబడండి.

మధ్యాహ్నం రెండు నెలల అడ్వాన్స్ ఇచ్చాం. పదకొండు నెలల అగ్రిమెంటు. స్నానాల గది గడియ మార్పిస్తానని ఇంటాయన ఒప్పుకున్నాడు. సాయంత్రం స్టేషన్‌కి బయల్దేరుతుంటే అత్తయ్య ఆటో ఆపించి దిగి పాల బూతు దాకా వెళ్లొచ్చింది. జూన్ 5 నుంచి రోజుకి రెండు పాకెట్లు తీసిపెట్టమని చెప్పి వచ్చిందట.