పూలు కుట్టే యంత్రం

ఏళ్ళ తరబడి ఇంట కుట్టుమిషనుపై రవికలు, పరికిణీలు కుట్టిన గృహిణి, అదే మిషనుపై తొలిసారి పూలు కుట్టబూనినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంతకాలం అభ్యసించిన నేర్పే ఆమెకు అడ్డు తగులుతుంది. మామూలు కుట్టులో గుడ్డను జరిపేవి సూది క్రిందనున్న ఇనుప పళ్ళు; చేయి దారి చూపితే చాలు. పూలకుట్టుకు ఆ పళ్ళను దించి, పాదాన్ని తొలగించి, గుడ్డను రింగులో బిగించవలసి ఉంటుంది. అటుపై గుడ్డ నడక యావత్తూ చేతిదే. కాలు వడిగా తొక్కి చేయి నెమ్మదిస్తే దారం ముద్దకడుతుంది. చేయి తొందరపడితే కుట్టు సాగుతుంది, సూది విరుగుతుంది. చేతికీ యంత్రానికీ పొత్తు కుదర్చడమే ఈ విద్యలో మొదటి పాఠం.

ఆ పొత్తు కాలక్రమాన ఎట్లా మారినదో పరిశీలిద్దాం.

1828 ప్రాంతంలో ఫ్రాన్సులోని ములూజ్ నగరంలో జోసువే హైల్మన్ చేతితో నడిపే ఎంబ్రాయిడరీ యంత్రాన్ని రూపొందించినాడు. దాని సూదికి ఇరుకొనలూ మొనలే. బెజ్జం నడుమ ఉండేది. నిలువుగా బిగించిన గుడ్డకు ఇరుప్రక్కలనున్న పటకార్లు సూదులను అటునుండి ఇటు అందుకొనేవి. పనివాడు ఎడమచేత, ఆరు రెట్లు పెద్దదిగా గీచిన చిత్రంపై ఒక ములుకును నడిపేవాడు. గుడ్డ చట్రం ఆ కదలికనే చిన్నదిగా అనుసరించేది. కుడిచేత పిడి త్రిప్పుతూ, కాళ్ళతో పటకార్లను తెరచి మూసేవాడు. ఒక్కని కదలికకు వందలాది సూదులు ఒకే పువ్వును కుట్టేవి.

స్విట్జర్లాండులోని సెంట్ గాలెన్ ప్రాంతం ఈ యంత్రాన్ని ఆదరించినది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో అది రైతుల ఇండ్లలోనికి సైతం ప్రవేశించినది. భర్త యంత్రం నడిపితే, సూదులకు దారమెక్కించడం భార్యాబిడ్డల వంతు. 1877 నాటి ఫ్యాక్టరీ చట్టం 14 ఏళ్ళలోపు పిల్లలను కర్మాగారాలలో నిషేధించినది. కాని ఇంటి గడప లోపల ఆ చట్టం చెల్లలేదు. దొరసానుల దుస్తులపై వికసించిన పూల వెనుక పసిచేతుల శ్రమ ఉన్నదని మనం మరువరాదు.

1863లో ఐజాక్ గ్రోబ్లీ కుట్టుమిషను సూత్రాన్ని గ్రహించి, ఎడతెగని దారంతో, పడవ ఆకారపు నాడెతో పనిచేసే యంత్రాన్ని కనిపెట్టినాడు. 1898లో ఆయన కుమారుడు ఆర్నల్డ్ దానిని చిల్లుల అట్టలతో నడిపించినాడు. ములుకు పట్టిన చేతికి ఇక పని లేకపోయినది. 1910 ప్రాంతంలో స్విట్జర్లాండు ఎగుమతులలో అగ్రస్థానం వహించిన ఈ పరిశ్రమ, 1914-18 యుద్ధంతోను, మారిన వేషధారణతోను కుప్పకూలినది.

అయితే ఆ అట్టలపై చిల్లులు వేసినదెవరు? ఏ కుట్టు ముందు, ఏది వెనుక, దారం ఎంత దట్టంగా పడాలి అన్నవి ఎరిగినవారే. నేడు కంప్యూటరు యంత్రం ముందు కూర్చున్న గృహిణి స్థానమూ అదే. చిత్రాన్ని యంత్రం చదువుకొంటుంది. కాని పలుచని గుడ్డ ముడుచుకొనకుండ అడుగున ఏమి వేయాలో, రింగులో ఎంత బిగించాలో, ఏ దారం ఏ గుడ్డకు నప్పుతుందో ఆమెకే తెలియాలి. పాత నేర్పులో కొంత విడువక తప్పదు. గుడ్డ స్వభావం ఎరిగిన వ్రేళ్ళు మాత్రం ఏ యంత్రం ముందైనా విలువ కోల్పోవు.