ఆకలి మంచం నుండి ఆనకట్ట దాకా

ఇటలీ దేశపటం బూటు ఆకారంలో ఉంటుందని భూగోళ పాఠంలో చదువుకున్నవారమే మనమంతా. ఆ బూటు మొనకు ఎదురుగా ఉన్న ద్వీపం సిసిలీ. 1943 జూలైలో మిత్రరాజ్యాల సేనలు దిగిన నేల అది. యుద్ధం ముగిసినా అక్కడి పల్లెల దైన్యం ముగియలేదు. పలెర్మో నగరానికి పడమట ఉన్న పార్టినీకో, మోంటెలెప్రె, ట్రప్పెటో ప్రాంతం బందిపోట్లకు పేరుపడింది. సాల్వతోరె జూలియానో అనే బందిపోటు నాయకుడు 1950లో మరణించిన తరువాత కూడా ప్రభుత్వం అక్కడికి పోలీసులనే పంపింది గాని పాలు, పని, పాఠశాల పంపలేదు.

1952 ఫిబ్రవరిలో డానిలో డోల్చీ అనే యువకుడు ట్రప్పెటోకు వచ్చారు. పోచంపల్లిలో వినోబాజీ భూదానం ఆరంభించి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. డోల్చీ 1924లో నాటి ఇటలీ ఈశాన్యపు కొసన జన్మించారు. తండ్రి రైల్వే ఉద్యోగి. ట్రప్పెటోలో స్టేషన్ మాస్టరుగా పనిచేసిన కాలంలో కుమారుడు ఆ పల్లెను చూశాడు. వాస్తుశిల్పం చదువుతూ ఆ చదువును విడిచి, యుద్ధంలో అనాథలైన పిల్లలను సాకే నోమడెల్ఫియా ఆశ్రమంలో కొంతకాలం పనిచేశారు. ఆ తరువాత చిన్ననాడు చూసిన పల్లె గుర్తుకు వచ్చింది.

ఆ ఏడాది అక్టోబరులో ట్రప్పెటోలో ఒక పసిబిడ్డ తిండిలేక మరణించింది. ఆ బిడ్డ ప్రాణం విడిచిన మంచం మీదనే డోల్చీ నిరాహారదీక్షకు పడుకున్నారు. తాను మరణిస్తే తన స్థానంలో మరొకరు ఆ మంచమెక్కేందుకు మిత్రులు సిద్ధపడ్డారు. ఎనిమిది రోజులకు అధికారులు దిగివచ్చి, అత్యవసర పనులు చేపడతామని మాట ఇచ్చారు. పసిబిడ్డ మరణానికి కదలని కార్యాలయాలు ఒక చదువుకున్నవాని ఉపవాసానికి కదలడం ఆలోచించవలసిన విషయమే. పేద పిల్లలకు ఆశ్రయంగా 'బోర్గో ది దియో', అనగా దేవుని పల్లె, ఆ ఊరనే వెలసింది.

1955లో ఆయన ప్రచురించిన 'బందితీ ఎ పార్టినీకో' ఉపాధ్యాయులందరూ తెలుసుకోదగిన గ్రంథం. బందిపోట్లనిపించుకున్న వారి ఇంటింటి వివరాలు సేకరించి, వారు బడిలో గడిపిన ఏళ్లను ఒక ప్రక్కన, చెరసాలలో గడిపిన ఏళ్లను మరొక ప్రక్కన కూడి చూపారాయన. చెరసాల లెక్క బడి లెక్కకు ఎన్నో రెట్లు తేలింది.

1956 ఫిబ్రవరి 2న పార్టినీకోలో మరొక వింత జరిగింది. పని ఉన్నవాడు సమ్మె చేస్తే పని మానుతాడు. మరి పని లేనివాడు ఏమి మానాలి? నిరుద్యోగులైన కూలీలు పలుగూ పారా పట్టి పాడుబడిన బాటను బాగుచేయసాగారు. మనవారు చూస్తే శ్రమదానమని దండ వేసి ఉండేవారు. అక్కడ పోలీసులు నిర్బంధించారు. రాజ్యాంగ రచనలో పాల్గొన్న న్యాయకోవిదుడు పియెరో కలమాండ్రెయి వారి పక్షాన వాదించారు. 1948లో అమలులోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగం నాలుగవ అధికరణం పనిహక్కును గుర్తించిందని, ఆ హక్కును కోరినవారు నేరస్థులెలా అవుతారని ప్రశ్నించారు. అయినా శిక్ష తప్పలేదు.

తరువాత లెనిన్ శాంతి బహుమతి వచ్చింది. తాను కమ్యూనిస్టును కానని చెబుతూనే దానిని స్వీకరించి, ఆ ధనంతో 1958లో పార్టినీకోలో అధ్యయన కేంద్రం నెలకొల్పారు. అక్కడి సభలలో ఉపన్యాసాలు ఉండేవి కావు. అందరూ వలయంగా కూర్చునేవారు. డోల్చీ అడిగేవారు, రైతులు చెప్పేవారు. వానాకాలంలో యాటో నది నీరంతా సముద్రం పాలు. వేసవిలో పొలాలు బీళ్లు. బావుల నీరు మాఫియా గుప్పిట్లో. ఒక ముసలి రైతు ఆ నీటిని పట్టి ఉంచేందుకు పెద్ద 'పళ్లెం' వంటిది కావాలన్నాడు. ఆనకట్ట అనే మాట అతనికి తెలియదు. ఆ పళ్లెం కోసం మళ్లీ ఉపవాసాలు, ఊరేగింపులు సాగాయి. 1963లో పనులు మొదలైనాయి. నీటి పంపిణీ మాఫియాకు దక్కకుండా రైతులు తామే సంఘంగా ఏర్పడ్డారు. ఆ జలాశయపు నీరు పొలాలతో పాటు పలెర్మో నగరానికి కూడా చేరింది.

ఇంతా చేసి డోల్చీ తన చివరి దశాబ్దాలను ప్రధానంగా బాలల చదువుకే వెచ్చించారు. 1970ల్లో పార్టినీకో సమీపాన మిర్తో అనే చోట విద్యాకేంద్రం కట్టదలచినప్పుడు నిపుణుల నక్షాతో పని ప్రారంభించలేదు. ఎటువంటి బడి కావాలని ముందుగా తల్లులను, తండ్రులను అడిగారు. పిల్లలనూ అడిగారు.