బాబాయి పెంటియం, ఐదు ఖాళీ గళ్ళు

మొన్న సంక్రాంతికి బాపట్ల వెళ్తే బాబాయి వాళ్ళ అటక మీద పాత పెంటియం డబ్బా ఒకటి దొరికింది. 1997లో గుంటూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. సూర్యలంక వైపు రొయ్యల చెరువుల వాళ్ళకి మేత లెక్కలు, వడ్డీ లెక్కలు దాంట్లోనే కట్టిపెట్టేవాడు. ఉప్పుగాలికి కేబినెట్ తుప్పు పట్టింది కానీ, మూడోసారి ఆన్ చేస్తే లేచి కూర్చుంది! తెర మీద 90 మెగాహెర్ట్జ్ అని కనబడగానే మనసులో పురుగు తొలిచింది. ఎక్సెల్ తెరిచి 4195835ని 3145727తో భాగించి, మళ్ళీ దాంతోనే గుణించి, 4195835 లోంచి తీసేశాను. సున్నా రావాలి కదా. 256 వచ్చింది.

ఇదే ఆ పేరుమోసిన ఎఫ్‌డివ్ బగ్. చేత్తో భాగహారం చేసేటప్పుడు "ఎన్నిసార్లు పోతుంది" అని ఎక్కాలు గుర్తు తెచ్చుకుంటాం చూడండి, పెంటియం కూడా అలాగే ఒక పట్టిక చూసి ప్రతి అంకెనీ ఊహిస్తుంది. ఆ పట్టికలో 1066 గళ్ళు. వాటిలో ఐదింట్లో 2 ఉండాల్సింది, ఖాళీగా వదిలేశారు. అంతే. 1994లో వర్జీనియాలోని లించ్‌బర్గ్ కాలేజీ లెక్కల ప్రొఫెసర్ థామస్ నైస్లీ, కవల ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తూ దీన్ని పట్టుకున్నాడు. ఇంటెల్‌కి అప్పటికే తెలుసు, బయటికి చెప్పలేదు. మామూలు మనిషికి 27,000 ఏళ్ళకోసారి తగులుతుంది అన్నారు. ఐబీఎం వాళ్ళేమో 24 రోజులకే తగలొచ్చని లెక్కగట్టి, ఆ మెషీన్ల అమ్మకం ఆపేశారు. ఎవరి లెక్క వాళ్ళది :) మొదట "మీకు అవసరమని నిరూపిస్తేనే మారుస్తాం" అన్న ఇంటెల్, డిసెంబర్ 20న దిగొచ్చి అడిగినవాళ్ళందరికీ మారుస్తామంది. ఖర్చు 47 కోట్ల 50 లక్షల డాలర్లు.

చిప్పు మార్చడం తప్ప అసలైన మందు లేదు మరి. మైక్రోకోడ్‌ని బయటినుంచి సరిచేసే వీలు 1995లో పెంటియం ప్రో నుంచే వచ్చింది. 2018లో స్పెక్టర్ వచ్చినప్పుడు మనం ఓ అప్‌డేట్ వేసి రీబూట్ కొట్టామంటే ఆ ఏర్పాటు పుణ్యమే. పెంటియం కోసం కంపైలర్లవాళ్ళు భాగహారానికి ముందు ఒక తనిఖీ పెట్టి నెట్టుకొచ్చారు. 32 బిట్ లినక్స్‌లో సీపీయూఇన్ఫో తెరిస్తే "ఎఫ్‌డివ్ బగ్: నో" అన్న లైను ఉండేది, అది ఈ కథ మిగిల్చిన మచ్చే.

ఇదంతా సాయంత్రం సూర్యలంక బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ చెప్పాను. ఫ్రీగా మార్చేవాళ్ళన్న సంగతి బాబాయి దాకా రానేలేదు. మా వాడు డబ్బు సంగతి అడగలేదు. "అయితే ఒరేయ్, నేను ఎవరికన్నా తప్పు వడ్డీ చెప్పానంటావా?" అన్నాడు.

ఇందాకటి లెక్కలో తప్పు నాలుగో దశాంశ స్థానంలో ఉంది. అదే తప్పు లక్ష రూపాయల మీద పడితే ఆరు రూపాయలు. అది కూడా ఆ గళ్ళకి తగిలే అంకెలు పడితేనే. అదే చెప్పాను. కాసేపు సముద్రం వంక చూసి, "వైరస్ వచ్చి చెరువులు పోయిన ఏడు ఒకాయన పైసలతో సహా కట్టాడ్రా" అన్నాడు.

ఆ ఫైళ్ళు డిస్కులో ఇంకా ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు లేదు, ఫ్లాపీ డ్రైవ్ తిరగట్లేదు. డిస్కు విప్పి హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఐడీఈ కేబుల్ దొరగ్గానే ప్రతి భాగహారం మళ్ళీ చేసి చూస్తానని బాబాయికి మాటిచ్చాను.